రాజుగారి నాలుక కాల్చిన నాంచారమ్మ

ఒకానొక రాజ్యంలో, ఉలవదుర్గమనే కోటలో, బిరుదభుజంగరాయలని ఒక రాజుగారు ఉండేవారు. పేరు ఇంతేనా అనుకునేరు! అది తోక మాత్రమే. దాని ముందు తల, మెడ, మొండెం అన్నీ ఉన్నాయి. గండరగండడనీ, గజగర్వభంజనుడనీ, సప్తసముద్రాలనూ పుక్కిలించినవాడనీ ఆ బిరుదులు చదవడం మొదలుపెడితే, వినేవాడు పొరుగూరి పెళ్ళికి వెళ్ళి, బంతిలో కూర్చుని భోంచేసి, తాంబూలం నములుకుంటూ తిరిగొచ్చినా ఇంకా సగం మిగిలే ఉండేవి. నిజానికి రాజుగారు సముద్రం చూసింది లేదు. కోట వెనక చెరువు మాత్రం చూశారు. అదీ ఎండాకాలంలో.

ఇంత గొప్ప రాజుగారికి ఒకటే లోటు. వంటవాడు నిలవడు.

కొత్త వంటవాడు రావడం, వండడం, రాజుగారు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించడం. "చప్పగా ఉంది! ప్రాణం లేదు! తొయ్యండి వీణ్ణి మిరపకొట్టంలోకి!"

మిరపకొట్టమంటే కోట వెనక పెద్ద పాక. పనికిరాడనిపించుకున్న ప్రతి వంటవాడూ అందులో ఎండుమిరపకాయలు దంచాలి. ఎన్నాళ్ళు? రాజుగారి నాలుకకు నచ్చేలా వండేవాడు దొరికేదాకా. వాడు దొరకడమూ లేదు, వీళ్ళు బయటపడడమూ లేదు. ఆ ఘాటు ఎలాంటిదనుకున్నారు? కోట మీదుగా ఎగిరే కాకులు తుమ్మి తుమ్మి దారి తప్పి పొరుగు రాజ్యంలో వాలిపోయేవి. ఆ పొరుగురాజు "మా మీదికి కాకుల దండును పంపాడు" అని యుద్ధానికి కత్తులు నూరించాడంటే, ఇక చూసుకోండి.

ఆ కోట కిందనే పానకాలు అనే వంటవాడు ఉండేవాడు. వాడి చేతి పులుసు మాట చెప్పాలంటే ముందు నోరు తుడుచుకోవాలి. ఒకసారి పెళ్ళివారింట పులుసులో పోపు పెట్టాడు. ఆ వాసనకు పెళ్ళికొడుకు తాళి కట్టడం మరిచిపోయి, మంగళసూత్రం చేత్తో పట్టుకునే వంటపందిరిలోకి నడిచిపోయాడు. పెళ్ళికూతురు కోప్పడిందా? లేదు. అతగాడి కంటే ముందే వెళ్ళి ఆకు వేయించుకుని కూర్చుంది.

పానకాలు పెళ్ళాం నాంచారమ్మ. చేతికి వంట రాదు గానీ నోటికి మాట రాకపోవడమనేది లేదు. ఆమె బేరమాడడానికి సంతకు వస్తోందంటే దుకాణాలవాళ్ళు ధర ముందే తగ్గించి, ఎందుకైనా మంచిదని నమస్కారం కూడా పెట్టేవాళ్ళు.

ఒకనాడు పానకాలు తలపాగా చుట్టుకుంటూ, "నాంచారీ, రాజుగారి వంటకొలువుకు వెళ్తున్నా" అన్నాడు.

"వెళ్ళు. కానీ ఏమయ్యా, ముందరి వాళ్ళంతా ఎందుకు పోయారో కనుక్కున్నావా?"

"కనుక్కునేదేముందే? వాళ్ళకు వంట రాదు, పోయారు. నాకు వచ్చు, ఉంటాను."

"వాళ్ళూ ఇదే మాట అనుకుంటూ వెళ్ళి ఉంటారు."

"అపశకునం మాటలు మాట్లాడకే!" అని పానకాలు మీసానికి నూనె రాసుకున్నాడు.

మీసానికి నూనె ఎందుకంటారా? ఆ కోటలో కొలువు అడగడానికి ఒక పద్ధతి ఉంది. సభ వాకిట్లో నల్లరాతి బండ ఒకటి ఉండేది. కొలువుబండ అనేవారు. ఉద్యోగం కావలసినవాడు దాని మీదెక్కి, మీసం మెలేసి, తన గొప్పలు తానే చెప్పుకోవాలి. ఎవడి గొంతు పెద్దదైతే వాడిదే ఉద్యోగం. అంతకు ముందువాడు ఐదువందల వంటకాలు వచ్చన్నాడని విని, పానకాలు ఆ బండెక్కి వెయ్యిన్నొకటి వచ్చన్నాడు. ఆ అరుపుకు గజశాలలో ఏనుగు ఉలిక్కిపడి కూర్చుండిపోయింది. ఉద్యోగం చేతికొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం పానకాలు ఇంటికి రాలేదు. మిరపకాయల ఘాటు మాత్రం కాస్త ఎక్కువగా వచ్చింది.

నాంచారమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మిరపకొట్టం కిటికీ దగ్గరికి వెళ్ళింది. లోపల వంటవాళ్ళందరూ రోకళ్ళు పట్టుకుని, కళ్ళు దానిమ్మ గింజల్లా చేసుకుని ఉన్నారు. అందరిలోకీ ఎర్రటి కళ్ళు పానకాలువే. కొత్తవాడు కదా!

"నాంచారీ! ఆ రాజుకు నాలుకే లేదే! పులుసు అమృతంలా పెట్టాను. చప్పగా ఉందన్నాడు!"

వెంటనే అందరూ అందుకున్నారు. "నా అప్పడాల మాట విను తల్లీ!" "నా గుమ్మడికాయ దప్పళం..." "నా బొబ్బట్లను చూసి ఏమన్నాడో తెలుసా? అరిటాకు మీద చెప్పు పెట్టారేమిటన్నాడు!"

"మీరేం వండారో నాకు చెప్పకండి. ఆకలేస్తుంది" అంది నాంచారమ్మ. "పొయ్యి మీంచి దించాక ఏమైందో చెప్పండి."

రోకళ్ళు ఆగిపోయాయి.

"దించాక మాకేం పని?" అన్నాడు పానకాలు. "మర్యాదలవాళ్ళు వచ్చి తీసుకుపోతారు."

"ఎక్కడికి? ఎలాగ? ఎంతసేపటికి రాజుగారి నోట్లోకి వెళ్తుంది? ఒక్కరైనా వెనకాల వెళ్ళి చూశారా?"

ఎవరూ చూడలేదు.

"బాగుందయ్యా! ఇంతమంది ఉద్యోగం అడిగారు. ఆ ఉద్యోగం ఎలాంటిదని ఒక్కడూ అడగలేదు!" అని నాంచారమ్మ నెత్తి కొట్టుకుంది. మర్నాడు పొద్దుటే పూలబుట్ట ఒకటి చంకన పెట్టుకుని, కోటలో మాలలు కట్టే ఆడవాళ్ళతో కలిసి లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అయింది. ఆ పూటకు కొలువెక్కిన మరో కొత్తవాడి వంట ముగిసి, వంటశాల తలుపు తెరుచుకుంది. నాంచారమ్మ చేతిలో పూలు చేతిలోనే ఉండిపోయాయి.

ముందు భేరీలు. వెనక సన్నాయి. ఆ వెనక మర్యాదాధికారి మార్తాండశాస్త్రి, వెండి బెత్తం పట్టుకుని. ఆ రాజ్యంలో ఎవరు ఎంత వంగాలో, ఎవరు ఎటు తిరిగి దగ్గాలో చెప్పేది ఆయనే. ఆయన వెనక, ఒక్కొక్క వంటకానికీ ఒక్కొక్క పట్టుగొడుగు. పప్పుకో గొడుగు, వంకాయ కూరకో గొడుగు, పులుసుకు రెండు గొడుగులు, మజ్జిగకు వింజామరలు. ఊరేగింపు కోటలో ఉన్న గుడి చుట్టూ తిరిగింది, ఆయుధశాల చుట్టూ తిరిగింది, గజశాల ముందు ఆగింది. అక్కడ ఆస్థానకవి ఒక్కో వంటకం మీదా ఒక్కో పద్యం చదివాడు. ఆవకాయ మీద ఆయనకు అభిమానం ఎక్కువ కాబోలు, నాలుగు చదివాడు.

ఆ తరువాత భోజనశాల. రాజుగారు పీట మీద కూర్చున్నారు. వడ్డన అయింది. తింటారేమో అనుకుంది నాంచారమ్మ. ఎక్కడ! మార్తాండశాస్త్రి గొంతు సవరించుకుని రాజుగారి బిరుదులు ఎత్తుకున్నాడు. అవి పూర్తయ్యేదాకా రాజుగారు చెయ్యి కలపకూడదు. గండరగండడి దగ్గర ఆవిరి పోయింది. గజగర్వభంజనుడి దగ్గర నెయ్యి పేరుకుంది. సప్తసముద్రాల దగ్గరికొచ్చేసరికి పులుసు మీద మీగడలాంటిది కట్టి, అందులో ములక్కాడలు వానాకాలంలో మునిగిన పడవల్లా కదలకుండా పడున్నాయి.

రాజుగారు ఒక్క ముద్ద తిన్నారు. మొహం చిట్లించారు. చెయ్యి కడుక్కున్నారు.

అప్పుడు నాంచారమ్మ కళ్ళు ఇంకొకటి పట్టుకున్నాయి. భోజనశాల కిటికీలోంచి గజశాల కనిపిస్తుంది. అక్కడ మావటివాడు ఒకడు గోడ నీడన కూర్చుని, పొయ్యి మీంచి అప్పుడే దించిన జొన్న సంకటి ముద్దను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేస్తూ, 'ఉఫ్ ఉఫ్' మని ఊదుకుంటూ తింటున్నాడు. రాజుగారు తలపాగా సర్దుకునే వంకతో వాణ్ణే చూస్తున్నారు. వాడు మింగినప్పుడల్లా రాజుగారి గొంతు కూడా కదులుతోంది. సప్తసముద్రాలనూ పుక్కిలించినవాడికి గుటకలు తప్ప ఇంకేమీ దిగడం లేదు పాపం.

"అదీ సంగతి!" అనుకుంది నాంచారమ్మ. బుట్టలో పూలు బుట్టలోనే వదిలి, నేరుగా సభ వాకిట్లోకి నడిచి, రాజుగారు వచ్చి సభలో కూర్చోగానే కొలువుబండ ఎక్కేసింది.

సభంతా గొల్లుమంది. మార్తాండశాస్త్రి బెత్తం ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "దిగు! దిగు! ఈ బండ ఎక్కినవారు మీసం మెలెయ్యాలి. నీకు మీసమేదీ?"

"తమకు మాత్రం ఉందేమిటి శాస్త్రిగారూ? తమరు ఉద్యోగం చేయడం లేదూ?" అంటూ నాంచారమ్మ జడకొస ముందుకు తెచ్చుకుని దాన్నే మెలేసింది. "ఇదిగో, మీ మీసాలన్నిటికంటే పొడుగు. చాలదా?"

శాస్త్రి నున్నటి మూతి తడుముకున్నాడు. రాజుగారికి నవ్వొచ్చింది. కానీ రాజు గనుక దాన్ని దగ్గులోకి మార్చుకుని, "ఏ కొలువు కావాలి?" అన్నారు.

"తమ భోజనం కొలువు మహాప్రభూ."

"వెయ్యిన్నొక్క వంటకాలు తెలిసినవాడే మిరపకాయలు దంచుతున్నాడు. నీకు ఎన్ని తెలుసు?"

"అవన్నీ ఎందుకు లెండి. నేను ఒకే ఒక్క మాట చెప్పుకుంటాను. నన్ను కొలువులో పెట్టుకుంటే, రేపు మధ్యాహ్నం ఏలినవారి నాలుక కాలుస్తాను."

సభలో చీమ చిటుక్కుమంటే పిడుగు పడ్డట్టుండేది. భటులు కత్తుల మీద చెయ్యి వేశారు. మార్తాండశాస్త్రి చెవులు మూసుకుని, "రాజద్రోహం! రాజజిహ్వాద్రోహం!" అని అరిచాడు.

రాజుగారు మాత్రం కదల్లేదు. సింహాసనం మీద కాస్త ముందుకు వంగారు. "కాలుస్తావా?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. సంతలో జీళ్ళ దుకాణం చూసిన పిల్లవాడి గొంతు అది.

"కాలుస్తాను మహాప్రభూ. నాలుక మీద బొబ్బ రాకపోతే మిరపకొట్టంలో ఒక రోకలి నాది. చచ్చేదాకా దంచుతాను. వస్తే మాత్రం ఆ కొట్టంలో ఉన్నవాళ్ళందరినీ వదిలిపెట్టాలి."

"మరి నీ జీతం?"

"ఆ మాట రేపు భోజనం అయ్యాక మాట్లాడుకుందాం. కడుపు నిండినవాడితో జీతం మాట్లాడాలి గానీ, ఆకలిమీద ఉన్నవాడితో మాట్లాడితే నాకే కదా నష్టం?"

"నాకు ఆకలని ఎవరు చెప్పారు!" అని రాజుగారు గర్జించారు. అదే సమయానికి ఆయన కడుపు కూడా గర్జించింది. రెంటిలో రెండోదే గట్టిగా వినిపించింది.

మార్తాండశాస్త్రి ముందుకొచ్చాడు. "ప్రభూ! ఈవిడ మర్యాదలన్నీ మట్టిగొట్టి, పళ్ళెం పట్టుకుని పరుగెత్తుకొస్తానంటుందేమో! తాతల నాటి ఆచారంలో ఒక్క గొడుగు తగ్గినా ఒప్పుకునేది లేదు!"

"ఒక్క గొడుగూ తగ్గదు, ఒక్క బిరుదూ తగ్గదు శాస్త్రిగారూ. కావాలంటే ఇంకో గొడుగు పెంచండి" అంది నాంచారమ్మ. "నాకు మాత్రం పొయ్యి ఊదడానికి కొట్టంలోంచి ఒక మనిషిని ఇప్పించండి. అంతే."

ఇచ్చారు. ఆమె ఎవరిని తెచ్చుకుందో చెప్పనక్కర్లేదు.

దారిలో పానకాలు లబోదిబోమన్నాడు. "నీకు నీళ్ళు కాచడమే రాదు కదే! రాజుగారి నాలుక కాలుస్తానని ఎలా ఒప్పుకున్నావే?"

"వంట నువ్వు చేస్తావు. కాల్చేది నేను" అంది నాంచారమ్మ. "నువ్వు నిన్న పెట్టిన పులుసే పెట్టు. ఒక్క మెంతిగింజ కూడా ఎక్కువ వెయ్యకు."

"అదే చప్పగా ఉందన్నాడే!"

"అందుకే అదే పెట్టమంటున్నాను."

మర్నాడు మధ్యాహ్నం రాజుగారు భోజనశాలలో పీట మీద కూర్చున్నారు. భేరీ మోగలేదు. సన్నాయి వినిపించలేదు. వంటశాల వైపు నుంచి ఇంగువ పోపు వాసన మాత్రం సన్నగా వచ్చి, రాజుగారి ముక్కు పట్టుకుని లాగి, మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయింది. రాజుగారు పీట మీద అటు జరిగారు, ఇటు జరిగారు. పీట ఇక జరగడానికి చోటు లేక మూలిగింది.

అంతలో నాంచారమ్మ వచ్చింది. వట్టి చేతులతో. మొహం వేలాడేసుకుని.

"భోజనమేదీ?" అన్నారు రాజుగారు.

"ఆగిపోయింది మహాప్రభూ. తీసుకురావడానికి నాకు కాళ్ళు ఆడలేదు. నిన్న తమ ఊరేగింపు చూసినప్పటి నుంచీ మనసు మనసులో లేదు."

"ఏం? మా ఊరేగింపుకేమైంది?"

"అది తమది కాదు కదా దొరా, అదే నా ఏడుపు. భేరీలు ఎవరికి? పప్పుకు. పట్టుగొడుగు ఎవరికి? వంకాయకు. పద్యాలు ఎవరి మీద? ఆవకాయ మీద. ఇవన్నీ కోటంతా ఊరేగుతూ వైభవంగా వస్తుంటే, ఆ వంకాయగారి రాక కోసం ఎదురు చూస్తూ, చెయ్యి కడుక్కుని, నేల మీద పీట వేసుకుని కూర్చునేది ఎవరు? తెలియనివాడు ఈ కోటకొచ్చి చూస్తే ఎవరిని రాజనుకుంటాడు? ఎవరిని బంట్రోతనుకుంటాడు? నా నోటితో నేను చెప్పలేను మహాప్రభూ!" అని నాంచారమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కళ్ళు పొడిగానే ఉన్నాయి గానీ ఒత్తుకోవడం మాత్రం చాలా బాగా ఒత్తుకుంది.

రాజుగారి మొహం కందగడ్డ అయింది. మెల్లగా మార్తాండశాస్త్రి వైపు తిరిగారు.

"శాస్త్రీ, ఈ రాజ్యంలో గొడుగు ఎవరిది?"

"ఏలినవారిదే ప్రభూ."

"భేరి?"

"ఏలినవారిదే."

"మరి వంకాయకెందుకు పట్టావయ్యా!"

శాస్త్రి బెత్తాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తాతల నాటి ఆచారానికి ఈ ప్రశ్న తాతలనాడు ఎవరూ వెయ్యలేదాయె.

రాజుగారు పీట మీంచి లేచి నిలబడ్డారు. "ఇకనుంచి ఈ కోటలో ఊరేగేది మేమే! ఒక కూర గానీ, ఒక పచ్చడి గానీ ఊరేగినట్టు కనిపించిందో, దాన్ని తీసుకెళ్ళి చెరసాలలో పెట్టండి! గొడుగులు ఇటు తీసుకురండి!"

"ఎక్కడికి ఊరేగుదాం ప్రభూ?" అన్నాడు శాస్త్రి.

నాంచారమ్మ వినయంగా చేతులు జోడించింది. "ఎక్కడికో ఎందుకు శాస్త్రిగారూ? ఇన్నాళ్ళూ మిడిసిపడ్డ ఆ వంటకాలన్నీ ఏలినవారి వైభవం కళ్ళారా చూడొద్దూ? వంటశాల దాకా ఊరేగితే చాలు."

ఆ ఊరేగింపు వర్ణించాలంటే ఆస్థానకవి కూడా చాలడు. ఉన్న గొడుగులన్నీ ఒక్క రాజుగారి మీదనే పట్టేసరికి కింద చీకటి పడి, గూటికి చేరే వేళయిందనుకుని పావురాలు వచ్చి ఆయన భుజాల మీద వాలాయి. గుడి చుట్టూ తిరిగారు, ఆయుధశాల చుట్టూ తిరిగారు, గజశాల ముందు ఆగారు. ఈసారి కవి పద్యాలన్నీ రాజుగారి మీదనే చదివాడు. ఆవకాయకు చదివిన నాలుగింటిలోనూ పేరు మార్చి అవే చదివాడంటారు, 'ఎర్రనివాడా, ఘాటైనవాడా' అన్నవి బాగానే అతికాయట.

వంటశాలలో పొయ్యి పక్కనే అరిటాకు వేసి ఉంది. రాజుగారు కూర్చున్నారు. మార్తాండశాస్త్రి బిరుదులు ఎత్తుకున్నాడు. నాంచారమ్మ తొందరపడలేదు.

"కానివ్వండి శాస్త్రిగారూ. ఒక్కటీ వదలొద్దు. పులుసు ఇంకా పొయ్యి మీదే ఉంది. మీరు చదివినకొద్దీ మరుగుతుంది."

శాస్త్రి గండరగండడన్నాడు, పులుసు తుక తుక ఉడికింది. గజగర్వభంజనుడన్నాడు, అన్నం కుతకుతలాడింది. సప్తసముద్రాలన్నాడు, ఆవిరి కప్పుదాకా లేచింది. రాజుగారు జన్మలో మొదటిసారి, "త్వరగా కానీ శాస్త్రీ" అన్నారు.

ఆఖరి బిరుదు ముగియడమేమిటి, నాంచారమ్మ కన్ను గీటడమేమిటి, పానకాలు గిన్నె దించడమేమిటి! పొగలు కక్కే అన్నం, దాని వేడి తగలగానే కరిగి కాలవలు కట్టిన నెయ్యి, ఆ మీద పులుసు. ఎన్నేళ్ళ ఆకలో ఏమో, రాజుగారు వెనకా ముందూ చూడలేదు. ఇంత ముద్ద కలిపి నోట్లో వేసేసుకున్నారు.

"హా!"

ఆ కేకకు కోటలో గంటలు వాటంతటవే మోగాయి. రాజుగారు నోరు బార్లా తెరిచి, అరచేత్తో విసురుకుంటూ, కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు కారుస్తూ గిరగిరా తిరిగారు. భటులు కత్తులు దూశారు. పానకాలు పొయ్యి వెనక నక్కాడు. నాంచారమ్మ రాజుగారి నోటి వంకే చూసింది. ఈ క్షణంలో ఆయన నోటి నుంచి ఏ మాట వస్తే అదే తన బతుకు, కొట్టంలో ఉన్నవాళ్ళందరి బతుకు.

"ప్రభూ, ఆజ్ఞ!" అన్నాడు మార్తాండశాస్త్రి.

రాజుగారు ముద్ద మింగారు. ఊపిరి పీల్చారు.

"మళ్ళీ వడ్డించు!"

ఇక చూడాలి! సప్తసముద్రాలను పుక్కిలించారో లేదో తెలియదు గానీ, ఆ గిన్నెడు పులుసును మాత్రం అందరి కళ్ళ ముందే తాగేశారు. రాజులు ఊదుకుని తినకూడదని శాస్త్రి గొణిగాడు. "నువ్వూ ఊదు" అన్నారు రాజుగారు. ఊదక తప్పుతుందా? మర్యాదాధికారి బుగ్గలు పూరించి రాజుగారి ముద్దల మీద ఉఫ్ ఉఫ్ మని ఊదాడు. ఊరేగింపు వెంట వచ్చి వంటశాల కిటికీలోంచి చూస్తున్న మావటివాడికి తన సంకటి చేతిలోనే చల్లారిపోయింది.

చివరికి ఆకు నాకినంత పని చేసి, రాజుగారు తేన్చారు. "నాంచారమ్మా! ఇది వంట! ఇన్నాళ్ళూ ఆ దద్దమ్మలు నా నోట గడ్డి పెట్టారు!"

"ఏలినవారి నాలుక కాలిందా?"

"బొబ్బ ఎక్కింది! ఇదిగో!" అని రాజుగారు నాలుక బయటపెట్టి, అక్కడున్న అందరికీ గర్వంగా తిప్పి చూపించారు.

"అయితే కొట్టం తలుపులు తెరిపించండి."

భటులు వెళ్ళి తెరిచారు. వంటవాళ్ళందరూ తుమ్ముకుంటూ వచ్చి నిలబడ్డారు. అప్పుడు నాంచారమ్మ మూలనున్న చిన్న గిన్నె ఒకటి తెచ్చింది.

"మహాప్రభూ, తమ ఆజ్ఞ రాకముందు శాస్త్రిగారి ఆచారం తప్పకూడదని, తమరు తిన్న ఆ పులుసులోంచే ఇంత తీసి, నా చీరచెంగే గొడుగుగా పట్టి, పొద్దుటే ఈ పెరడంతా ఊరేగించాను. దీన్ని కూడా కాస్త రుచి చూడండి."

రాజుగారు వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నారు. మొహం చిట్లించారు. "చప్పగా ఉంది! ప్రాణం..." అని ఆగిపోయారు.

వంటశాలలో ఎవరూ తుమ్మను కూడా తుమ్మలేదు.

"అదే పులుసు మహాప్రభూ. పెట్టింది నేను కాదు. అదిగో, పొయ్యి వెనక నక్కినవాడు. మొన్న తమరు కొట్టంలోకి తోయించిన నా మొగుడు."

రాజుగారు గిన్నెను చూశారు. పానకాలును చూశారు. వరసగా నిలబడ్డ ఎర్రకళ్ళ వాళ్ళందరినీ చూశారు. ఆ తరువాత చాలాసేపు నేలను చూశారు. తన మర్యాద కోసం తానే తన నోటి కూడు చల్లార్చుకుని, ఇంతమంది చేత కళ్ళనీళ్ళు పెట్టించానని ఆ గజగర్వభంజనుడికి అర్థం కావడానికి ఆ కాస్త వ్యవధి కావలసి వచ్చింది.

"మరి నీకు వంట...?" అన్నారు.

"రాదు మహాప్రభూ. నేను వండితే మా ఇంటి పిల్లి కూడా ఆ పూట ఏకాదశి పాటిస్తుంది."

"వంట రాకుండా వంటకొలువు ఎలా అడిగావు?"

"వంట బాగా వచ్చినవాళ్ళు ఇంతమంది అడిగి చూశారు కదా! తమకు లేనిది వంటవాడు కాదు, వేడి. ప్రతివాడూ తనకేం వచ్చో చెప్పుకున్నాడే గానీ, తమకేం కావాలో ఒక్కడూ చూడలేదు. తమ ఆ బండ కూడా వాళ్ళను అదే చేయమంది మరి. గొంతు ఎంత పెద్దదని అడిగింది గానీ, కళ్ళున్నాయా అని అడగలేదు."

రాజుగారి భుజాలు కదిలాయి. ఈసారి దగ్గులోకి మార్చుకోలేదు. కాలిన నాలుకతోనే పకపకా నవ్వారు. ఆ నవ్వుకు రాజుగారి తలపాగా ఊడి ఆ చల్లారిన పులుసు గిన్నెలో పడింది. దాన్ని తీసి పిండి మళ్ళీ పెట్టుకుని మళ్ళీ నవ్వారు.

"పానకాలూ, వంటశాల నీది. మిగిలిన వాళ్ళందరికీ కోటలో పని ఉంది, జీతం ఉంది. నాంచారమ్మా, కడుపు నిండింది. ఇప్పుడు చెప్పు, నీకేం కావాలి?"

"ఆ కొలువుబండ ఇప్పించండి మహాప్రభూ. ఇకమీదట దాని మీద ఎవరూ నిలబడక్కర్లేదు. నేను కూర్చుంటాను. కొలువు కోసం వచ్చినవాళ్ళు ముందు నాతో మాట్లాడి లోపలికి వెళ్తారు."

బండ ఇచ్చారు, బండ మీదికి పట్టు పరుపు ఇచ్చారు, చేతికి బంగారు గరిటె ఇచ్చారు. ఆ సాయంత్రం, నిన్నటిదాకా వంకాయలకు పట్టిన గొడుగులను వంటవాళ్ళ మీద పట్టించి, భేరీలూ సన్నాయిలతో ఒక్కొక్కరినీ వాళ్ళ వాళ్ళ ఇంటి గుమ్మం దాకా ఊరేగించి దింపారు. పానకాలు గొడుగు కింద ఎంత నిటారుగా నడిచాడంటే, ఇంటి ద్వారబంధానికి నుదురు కొట్టుకుని బొప్పి కట్టించుకున్నాడు.

మిరపకొట్టం మూతపడింది. పొరుగు రాజ్యం వెళ్ళిన కాకులు తిరిగొచ్చాయి.

కొత్త కొలువుబండ దగ్గరికి మొదట వచ్చిందెవరనుకున్నారు? మార్తాండశాస్త్రి! ఊరేగించడానికి కూరలు లేక, ఆయన బెత్తానికి పని పోయింది. వస్తూనే గొంతు సవరించుకుని, "అమ్మా, నేను నాలుగు శాస్త్రాలు..." అని మొదలుపెట్టాడు.

"శాస్త్రాలు ఎక్కడికీ పోవు శాస్త్రిగారూ" అంది నాంచారమ్మ. "రాజుగారికి ఇప్పుడు ఏం కావాలో చూశారా?"

శాస్త్రి తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం భోజనాల వేళ ఒక మూల నిలబడి చూశాడు. తన బదులు ఆస్థానకవి బిరుదులు చదువుతున్నంతసేపూ రాజుగారు పొయ్యి వైపు చూస్తూ పీట మీద వేళ్ళు తాటించడం చూశాడు. మర్నాడు పరుగున వచ్చాడు.

"అమ్మా! రాజుగారికి బిరుదులు కోసి పొట్టి చేసేవాడు కావాలి!"

"వెళ్ళి ఆ ఒక్క మాటా చెప్పండి. కొలువు మీదే" అంది నాంచారమ్మ.

అదే జరిగింది. శాస్త్రి రోజుకొక బిరుదు కోసుకుంటూ పోయాడు. గండరగండడు పోయాడు, గజగర్వభంజనుడు పోయాడు, సముద్రాలు ఒక్కొక్కటే ఇంకిపోయాయి. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా రాజుగారు ఇంకో ముద్ద వేడిగా తిని, హాయిగా నవ్వి, శాస్త్రికి ఒక వరహా పారేసేవారు. అందుకేనండీ, ఆయనగారి పేరులో తల, మెడ, మొండెం ఏవీ మిగల్లేదు. బిరుదభుజంగరాయలు అని ఆ తోక ఒక్కటే మన దాకా వచ్చింది.